పిల్లల ‘స’ ఎక్కడుంది?

“మావోనికి గొంతు లేదు మేడం, జర కీబోర్డుల ఏస్తరా?” హైదరాబాద్ గౌలిపురలో నాలా పిల్లలకు పాట నేర్పేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. బాధేమిటంటే, దాన్ని ఆ పిల్లవాడి ఎదుటే అంటారు. ఆ రోజు నుంచి వాడు క్లాసులో నోరు విప్పడు.

ఆరేడేళ్ల వయసులో గొంతు లేని పిల్లలు చాలా అరుదు. శ్రుతి అందనివాళ్లు ఉంటారు, అందుకు తరచూ కారణం పెద్దవాళ్లమే. పిల్లల స్వరతంత్రులు పొట్టివి కాబట్టి వాళ్ల గొంతు పైన పలుకుతుంది. మాస్టారు ఒకటో శ్రుతిలో ‘స’ అంటే పిల్లలు దాన్ని ఒక స్థాయి పైన పట్టుకోవాలి. ఆ సంగతి తెలియని పిల్లవాడు ఆయనలాగే పాడబోయి కిందికి దిగి గొణుగుతాడు. టీచరమ్మ ఐదో శ్రుతిలో పాడినా కింది స్వరాలు చిన్నవాళ్లకు అందవు. అందుకే శ్రుతిపెట్టెలో శ్రుతి పెంచి, ఒక్కొక్కరి చేత ‘స’ అనిపిస్తూ మిగతావాళ్లను వినమంటాను. పక్కవాడి ‘స’ వింటూ వింటూ ఎవరో ఒక పిల్ల హఠాత్తుగా అందులో కలిసిపోతుంది. ఆ పిల్ల కళ్లు పెద్దవవుతాయి, తనకే ముందు తెలుస్తుంది. దయచేసి ఇంట్లో “గట్టిగా పాడు” అనకండి. అరిస్తే గొంతు బొంగురుపోతుంది, చెవి పనిచెయ్యదు.

లయ మాటకొస్తే ఈ బస్తీ పిల్లలు అదృష్టవంతులు. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాల డప్పు విని పెరిగినవాళ్లు బెంచీల మీద తీన్‌మార్ తప్పకుండా వాయిస్తారు. దాన్ని అల్లరి అని ఆపించే బదులు అక్కడి నుంచే ఆదితాళానికి తీసుకెళ్లొచ్చు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన రెండుసార్లు కొట్టి తిప్పడం.

స్వరాలకొస్తే, పురందరదాసు పెట్టాడని చెప్పే తొలి పాఠాలు, సరళీ స్వరాలు, మాయామాళవగౌళ రాగంలో ఉండటం వెనక మంచి లెక్క ఉంది. స రి గ మ మధ్య ఎంతెంత దూరాలో ప ధ ని స మధ్యా అంతే. ఒక సగం పట్టుబడితే రెండో సగానికి చెవి సిద్ధమైనట్టే. ఇక కీబోర్డు మాట. హంగేరీ సంగీతకారుడు జోల్తాన్ కోడాయ్ వాయిద్యానికి ముందు గొంతే అన్నాడు. కీబోర్డు మీట నొక్కితే స్వరం దానంతటదే వస్తుంది. పిల్లవాడు దాన్ని ముందు మనసులో వినక్కర్లేదు. అందుకే కొనేముందు కొన్నాళ్లు ఆగమంటాను.

ఇక బడి సంగతి. 2009 విద్యాహక్కు చట్టం కళలకు పార్ట్‌టైం బోధకుణ్ణి అడిగింది 6 నుంచి 8 తరగతులకే, అదీ వందమందికి పైగా పిల్లలుంటేనే. ఒకటి నుంచి అయిదు దాకా ఆ ఊసే లేదు. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి ‘బాంసురీ’ అనే కళల పుస్తకం తెచ్చింది, సంతోషం. కానీ పుస్తకం శ్రుతి కలపదు, మనిషి కావాలి. సంగీతం టీచర్ లేని బడిలో క్లాసు టీచరే రోజూ పది నిమిషాలు పాడించినా మేలే.

పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు లెక్కల మార్కులతో పాటు ఇదీ అడగండి: పాటల పీరియడ్ నిజంగా జరుగుతోందా, వార్షికోత్సవం రిహార్సల్స్‌కే పోతోందా? స్టేజీ మీద ట్రాక్ పెడుతున్నారా, పిల్లలే పాడుతున్నారా?