శశిరేఖ లావెక్కలేదండీ!

పాత సినిమాలంటే చెవి కోసుకునే ఇళ్ళల్లో ఈ మధ్య ఒక మాట తరచు వినబడుతోంది. "ఆ రోజుల్లో హీరోయిన్లు ఎంత బొద్దుగా ఉండేవారో!" అని. టీవీలో 'మాయాబజార్' నడుస్తూంటుంది. శశిరేఖ ముఖం గుమ్మడిపండులాగా, కృష్ణుడి భుజాలు గుమ్మానికి అడ్డం పడేటట్టుగా కనబడుతూంటాయి. చూసేవాళ్ళు నవ్వుకుని, అదంతా ఆనాటి నేతి మహిమ అనుకుని ఊరుకుంటారు. బొద్దుగా ఉండడం నేరమని నేననను. కాని చెయ్యని లావుకి మనిషిని బాధ్యురాలిని చెయ్యడం న్యాయం కాదు. శశిరేఖని లావు చేసింది నెయ్యి కాదు, మన టీవీ.

సంగతేమిటంటే, 'మాయాబజార్' వచ్చిన 1957లో మన సినిమా బొమ్మ అడ్డం నాలుగు పాళ్ళయితే నిలువు ఇంచుమించు మూడు పాళ్ళుండేది. తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం 'అల్లూరి సీతారామరాజు' 1974లో గాని రాలేదు. తొలి 70 ఎం.ఎం. చిత్రం 'సింహాసనం' 1986 నాటిది. మరి ఇప్పుడు మన గోడల మీదున్న టీవీలో? అడ్డం పదహారు పాళ్ళు, నిలువు తొమ్మిది. ఆ పాత బొమ్మని ఈ తెర నిండా పరిచామంటే ప్రతి మనిషీ మూడోవంతు వెడల్పెక్కుతాడు. మీ కొలతలకి కుట్టిన జాకెట్టుని ఎవరైనా అలా అడ్డంగా సాగదీసి, "నిండుగా ఉంది గదండీ" అంటే ఊరుకుంటారా?

"కథ తెలుస్తోంది, పాటలు వినబడుతున్నాయి, ఇంత రాద్ధాంతం దేనికీ?" అని అడిగేవాళ్ళుంటారు. దేనికంటే, ఆ సినిమాలో సగం రుచి కొలతల్లోనే ఉంది గనక.

ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించే ఘట్టం తలుచుకోండి. ఉన్నది ఆడపిల్ల శరీరం, నడుస్తున్నది రాక్షసుడి నడక. సుకుమారమైన ఆ ఆకారంలో ఆ బరువైన అడుగు, ఆ ఛాతీ విరుపు, ఆ చూపు చూసే గదా మనకి నవ్వొస్తుంది! సావిత్రి నటనలో గొప్పంతా ఆ పొత్తు కుదరకపోవడంలోనే ఉంది. మనిషిని మూడోవంతు అడ్డంగా లాగేశాక ఆకారమే బరువెక్కిపోయింది. ఇంక నడక బరువుగా ఉంటే వింతేముంది? హాస్యం అక్కడే నీరుకారిపోయింది.

అలాగే పెళ్ళివిందు ఘట్టం. ఎస్.వి.రంగారావు తిండి ముందు కూర్చుని దేహాన్ని పెంచుకుంటాడు. దర్శకుడు కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే కలిసి, కంప్యూటర్లు లేని రోజుల్లో, కెమెరాతోనే చేసిన ఇంద్రజాలమది. వాళ్ళు పెంచింది ఘటోత్కచుడొక్కణ్ణే. మన టీవీ బలరాముణ్ణీ, రేవతినీ, లక్ష్మణకుమారుణ్ణీ కూడా పెంచేసింది. అందరూ ఘటోత్కచులైపోతే ఇంక ఘటోత్కచుడి ప్రత్యేకత ఏమిటి?

ఈ దోషం టీవీది మాత్రమే అనుకోకండి. చాలాసార్లు అంతకు ముందే, డీవీడీలోని సినిమాని కంప్యూటరు ఫైలుగా మార్చేటప్పుడే జరిగిపోతోంది. మన దేశంలో అమ్మిన డీవీడీల్లో సాధారణంగా బొమ్మని అడ్డం 720 చుక్కలు, నిలువు 576 చుక్కలుగా దాస్తారు. పొట్టి బొమ్మయినా వెడల్పు బొమ్మయినా అదే పెట్టె, అదే సర్దుడు. బొమ్మతోపాటు ఒక చిన్న చీటీ లాంటిది కూడా ఉంటుంది: "దీన్ని నాలుగు-మూడుగా విప్పవలెను", లేదా "పదహారు-తొమ్మిదిగా విప్పవలెను" అని. ప్లేయరు ఆ చీటీ చదివి, మొదటి రకాన్ని 768 చుక్కల వెడల్పుకీ, రెండో రకాన్ని 1024 చుక్కల వెడల్పుకీ తెరిచి చూపిస్తుంది. ఫైలుగా మార్చేవాడు బొమ్మని తీసుకుని చీటీని పారేశాడనుకోండి, పదహారు-తొమ్మిది సినిమాలో మనుషులంతా అగరొత్తుల్లా సన్నబడిపోతారు. దాన్ని సరిచేద్దామని మరొకడు ఇష్టమొచ్చినట్టు లాగుతాడు. ఆ ఫైలే చేతులు మారుతూ ఊరంతా తిరుగుతుంది.

ఇంకొందరు సాగదీయరు, కత్తిరిస్తారు. నాలుగు-మూడు బొమ్మతో పదహారు-తొమ్మిది తెర నింపాలంటే నిలువులో పావువంతు పోవలసిందే. నాట్యం చేసే పిల్ల పాదాలు పోతాయి, లేదా నెత్తిమీది కిరీటం పోతుంది. ఈ రెండు పాపాల్లోనూ తేడా ఉంది. సాగదీసింది మళ్ళీ సర్దుకోవచ్చు. కత్తిరించింది తిరిగిరాదు.

2010 జనవరిలో 'మాయాబజార్' రంగులద్దుకుని థియేటర్లకి వచ్చినప్పుడు బొమ్మ ఆకారాన్ని కూడా 70 ఎం.ఎం.కి తగినట్టు మార్చారు. ఆ రంగుల వెనకున్న శ్రమని నేను కాదనను. ఎందరో చిన్నపిల్లలు ఆ సినిమాని మొదటిసారి చూసింది అప్పుడే. కాని ఒక్కటి చెప్పాలి. రంగుల మంచిచెడ్డల మీద ఇంటింటా చర్చలు జరిగాయి. ఆకారం ఊసు ఎత్తినవాళ్ళు మాత్రం తక్కువ. పొట్టి చట్రం కోసం కూర్చిన బొమ్మతో పెద్ద తెర నింపాలంటే కత్తిరించడమో, లాగడమో, పక్కన లేనిది చేర్చడమో తప్పదు. బార్ట్‌లే వెన్నెలని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో లెక్క చూసుకుని పెట్టాడు. రంగు మార్చినా గీత మిగులుతుంది; గీతే చెరిపేస్తే మిగిలేదేమిటి?

సినిమా సంగతి సరే, అది ఇంకో ప్రతిలోనైనా దొరుకుతుంది. మన ఇళ్ళల్లోని పెళ్ళి డీవీడీల మాటేమిటి? మా వదిన తన పెళ్ళి డీవీడీని ఈ మధ్య ఒక దుకాణంలో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. మొదట క్యాసెట్టు మీద తీసిన పెళ్ళి అది. ఆ క్యాసెట్టు బూజుపట్టి ఎప్పుడో పోయింది. టీవీలో పెట్టగానే వదిన మనవరాలు, "ముత్తవ్వ ఇంత లావుగా ఉండేదా?" అంది. వదిన వాళ్ళమ్మ గాలికి ఎగిరిపోయేటట్టు ఉండేది. ఆవిడ నడుస్తూ, మాట్లాడుతూ ఉన్న బొమ్మ ఈ లోకంలో అదొక్కటే. దుకాణం అబ్బాయినడిగితే, "ఫుల్ స్క్రీన్ చేశానమ్మా, పక్కన నల్లగా ఉంటే కస్టమర్లు ఒప్పుకోరు" అన్నాడు. అతని తప్పేముంది? నల్లగా కనబడితే డబ్బులు దండగయ్యాయని గోల పెట్టేది మనమే గదా! అదృష్టం బాగుండి వదిన ఆ డీవీడీని పారెయ్యలేదు. మళ్ళీ ఎక్కించుకుంది. ఈసారి పాప ఆ ముత్తవ్వని చూసి, "నాలాగే ఉందే!" అంది.

కనక పెళ్ళి డీవీడీ ఇచ్చేటప్పుడు, "ఉన్న ఆకారం ఉన్నట్టే ఉంచు నాయనా, పక్కన నలుపొచ్చినా ఫరవాలేదు, అంచులు కత్తిరించకు" అని ముందే చెప్పండి. ఇంట్లో కంప్యూటరు తెలిసిన పిల్లలుంటే 'హ్యాండ్‌బ్రేక్' అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో వాళ్ళే చేసిపెడతారు. అందులో 'అనమార్ఫిక్' అన్నచోట 'ఆటోమేటిక్' ఉంచితే ఆ చీటీ పోకుండా ఫైలుతోపాటు వస్తుంది. ఇప్పటికే సాగిపోయిన ఫైలుంటే, 'వీఎల్‌సీ' ప్లేయర్లో పెట్టి కీబోర్డు మీద 'ఏ' అక్షరం నొక్కుతూ పోండి. ఆకారాలు ఒకటొకటే మారుతాయి. టీవీ రిమోట్‌లో కూడా బొమ్మ ఆకారం మార్చే ఏర్పాటుంటుంది. ఫైలు చేతికొచ్చింది గదా అని డిస్కుని మాత్రం పాతసామాన్లవాడికి వెయ్యకండి.

సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి లెక్కలు రానక్కర్లేదు. బొమ్మలో గుండ్రంగా ఉండవలసినదాన్ని ఒకదాన్ని వెతకండి. బండి చక్రమో, పూర్ణచంద్రుడో, హారతి పళ్ళెమో, ఏదీ లేకపోతే పెళ్ళికూతురి నుదుటి బొట్టో. అది గుండ్రంగా ఉంటే మనుషులు కూడా సరిగ్గా ఉన్నట్టే. కోడిగుడ్డు అడ్డంగా పడుకున్నట్టుంటే రిమోట్ అందుకోండి.

ఇక పక్కనుండే ఆ నల్ల పట్టీలంటారా? చీరకి అంచుంటే గుడ్డ తక్కువైందని ఎవరూ అనుకోరు గదా!