తప్పు దగ్గర పాఠం ఏం చేస్తుంది

భిలాయిలో ఇప్పుడు చాలా తెలుగు ఇళ్లలో ఒక చర్చ నడుస్తోంది. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో చేరాడు, తండ్రి కూడా అక్కడే రిటైరయ్యాడు. మనవడి చేతిలో మెకానికల్ డిప్లొమా ఉంది కానీ రెగ్యులర్ ఉద్యోగం లేదు. ఠేకాదారు (కాంట్రాక్టరు) కింద పని చేస్తున్నాడు, లేదా ఖాళీగా ఉన్నాడు. రెగ్యులర్‌కీ ఠేకాకీ మధ్య జీతంలోనే కాదు, బతికే తీరులోనే ఎంత దూరముందో మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ భిలాయి మీద రాసిన ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అనే పెద్ద పుస్తకంలో చూపించాడు. ఆ దూరం దాటడానికి ఈ తరం చూస్తున్న దారుల్లో కోడింగ్ బూట్‌క్యాంప్ ఒకటి. కొన్ని నెలల చదువు, గట్టి ఫీజు, చివర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అని మాట. చేరాలా, వద్దా?

ప్రకటనలు చూసి ఈ ప్రశ్న తేల్చుకోవడం కుదరదు. నేర్పే పని ఎంత నాణ్యంగా జరిగిందో దగ్గర నుంచి చూడాలి. అందుకు కొలతగా పెట్టుకోదగ్గ పాఠం ఒకటుంది, పైసా ఖర్చు లేకుండా. అమెరికాలో క్విన్సీ లార్సన్ 2014లో మొదలుపెట్టిన ఫ్రీకోడ్‌క్యాంప్ అనే ఉచిత కోడింగ్ సైట్‌లో 2022 నాటి వెబ్ డిజైన్ పాఠ్యక్రమం పిల్లుల ఫొటోల పేజీతో మొదలవుతుంది. ఆ తర్వాత పాఠ్యక్రమాన్ని మళ్లీ కూర్చారు. నేను మెచ్చుకునేది ఈ మొదటి పాఠం కట్టిన తీరును.

తెర మీద సూచన, కోడ్ రాసే చోటు, ఆ కోడ్‌తో తయారయ్యే పేజీ, మూడూ ఒకేసారి కనిపిస్తాయి. ఒక్కో మెట్టులో చేయాల్సింది ఒక్కటే. శీర్షికలో మాట మార్చడం ఒక మెట్టు. దాని కింద చిన్న శీర్షిక పెట్టడం ఇంకొకటి. తర్వాత ఒక పేరా. ఇవి మరీ చిన్న పనులని కొందరు విసుక్కుంటారు. ఈ చిన్నతనం వెనక లెక్క ఉంది. కొత్తవాడి కోడ్ పని చేయనప్పుడు తప్పు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన జాగా ఒక్క లైనుకు కుదించుకుపోతుంది. యాభై లైన్లు రాశాక తెర ఖాళీగా కనిపిస్తే మొదటి వారంలోనే మానేసేవాడు, ఇక్కడ ఆ ఒక్క లైను వైపే చూస్తాడు.

అసలు పనితనం కనిపించేది తప్పు దగ్గర. పేరా పెట్టే మెట్టే తీసుకోండి. కోడ్ సరిచూసే బటన్ నొక్కగానే దాని వెనక రాసిపెట్టిన పరీక్షలు వరసగా నడుస్తాయి. పేరా మొదలును చెప్పే ట్యాగ్ ఉందా, ముగింపును చెప్పే ట్యాగ్ ఉందా, పేరా శీర్షిక కిందే ఉందా, రాయమన్న మాటలు సరిగ్గా ఉన్నాయా. పాఠం అన్నింటినీ కలిపి ‘తప్పు’ అని తేల్చేయదు. ఏ పరీక్ష దగ్గర ముందుగా ఆగిందో దాని మాటే చెబుతుంది. ముగింపు ట్యాగ్ మర్చిపోతే, మర్చిపోయావని చెప్పి, ముగింపు ట్యాగ్‌లో ఏటవాలు గీత ఎక్కడ రావాలో కూడా చూపిస్తుంది. వరస తారుమారైతే తారుమారైందని చెబుతుంది. రాతలో అక్షరం తేడా వస్తే మాట వదిలేసి ఉంటావు, లేదా స్పెల్లింగ్ తప్పి ఉంటావు అంటుంది. అంటే పాఠం రాసినవాళ్లు, నేర్చుకునేవాడు ఈ ఒక్క లైనులో ఎన్ని రకాలుగా తప్పగలడో ముందే కూర్చుని ఊహించారు. ఒక్కో తప్పుకు ఒక్కో జవాబు సిద్ధం చేసిపెట్టారు. ఈ పరీక్షలూ ఈ జవాబులూ కోడ్‌ను నలుగురితో పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో బహిరంగంగా ఉంటాయి. ఏదైనా సూచన గజిబిజిగా ఉందనిపిస్తే ఎవరైనా దాన్ని మార్చి పంపవచ్చు. పాఠం మీద ఎవరి పేరూ కనిపించని ఈ శ్రమ మీద నాకు చాలా గౌరవం.

భిలాయి వాళ్లకు ఈ పద్ధతి కొత్తది కాదు. ఇక్కడి రైలు పట్టా 130 మీటర్ల పొడవున ఒకే ముక్కగా వస్తుంది. అలాంటి పట్టాలను అతికించి 260 మీటర్ల వరకూ పంపుతారు. బయటికి వెళ్లే ముందు అల్ట్రాసోనిక్ పరీక్షతో లోపలి పగుళ్లు వెతుకుతారు, పైతలానికి వేరే పరీక్ష ఉంటుంది. ఉక్కులో హైడ్రోజన్ మిగిలితే వెంట్రుకంత పగుళ్లు పుడతాయి కాబట్టి దాన్ని పట్టా రూపం రాకముందే, కరిగి ఉన్నప్పుడే తీసేస్తారు. పట్టా బాగోలేదు అనే మాటకు అక్కడ విలువ లేదు. ఏ చోట, ఏ లోపం అన్నది చెప్పాలి. పిల్లి ఫొటోల పాఠం చేసేది అచ్చంగా అదే.

బొమ్మ పెట్టే మెట్లు చూడండి. బొమ్మ ట్యాగ్‌కు ముగింపు ఉండదని ఒక మెట్టులో చెబుతారు. బొమ్మ చిరునామా ఇచ్చేది మరో మెట్టు. ఆ వెంటనే ‘ఆల్ట్’ వస్తుంది. చూపులేని వాళ్లకు పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కోసం, బొమ్మ తెరుచుకోకపోతే దాని చోట కనిపించడం కోసం, బొమ్మలో ఏముందో మాటల్లో రాయడమే అది. ఎన్నో కోర్సుల్లో ఇది చివర ఎక్కడో వచ్చే విషయం. ఇక్కడ మొదటి బొమ్మతోనే వస్తుంది, అది లేకపోతే ముందుకు కదలనివ్వదు. కంటికి కనిపించని మనిషి గురించి కూడా ఆలోచించి పని చేయాలన్నది నేర్చుకునేవాడికి ఉపన్యాసంగా కాకుండా చేతి అలవాటుగా అబ్బుతుంది. ఈ పాఠం మొత్తంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన చోటు ఇది.

అయితే మెట్టు మెట్టుకూ చేయి పట్టుకుంటే సొంతంగా నడక ఎప్పుడు వస్తుంది? సూచనను కోడ్‌గా మార్చేసి, ఏం చేశాడో తెలియకుండానే మెట్లు దాటిపోవడం సాధ్యమే. ఆ లోపం పాఠం కట్టినవాళ్లకూ తెలుసు. అందుకే సర్టిఫికెట్‌కు ఐదు ప్రాజెక్టులు పెట్టారు, వాటిలో మెట్లు లేవు. సర్వే ఫారమ్ ప్రాజెక్టులో పేజీ చివరికి ఏం చేయగలగాలో మాత్రమే జాబితా ఇస్తారు. పేరు రాయడానికి చోటు ఉండాలి, ఈమెయిల్ తప్పుగా రాస్తే ఫారమ్ ఒప్పుకోకూడదు, సంఖ్యకు కింది హద్దూ పై హద్దూ ఉండాలి. ఎలా అన్నది చెప్పరు. ఖాళీ పేజీ, పక్కన పరీక్షలు. ఈ పని మనకు నడుస్తుందా లేదా అన్నది ఆ ఖాళీ పేజీ ముందే తెలుస్తుంది.

ఇవన్నీ ఉచితంగా దొరుకుతుంటే బూట్‌క్యాంప్ దేనికి? అందులో మూడు దొరుకుతాయి: రోజూ కూర్చోబెట్టే క్రమం, పక్కన తోటివాళ్లు, మన కోడ్ చదివి మాట్లాడే మనిషి. మూడోది అన్నిటికన్నా విలువైనది. పరీక్షలు కోడ్ పనిచేస్తుందో లేదో చెబుతాయి. అది శుభ్రంగా ఉందా, రేపు వేరొకరు చదివితే అర్థమవుతుందా అన్నది అనుభవమున్న మనిషే చెప్పాలి. ఇంగ్లీషు అడ్డుపడేవాళ్లకు తెలుగులో చెప్పేవాళ్లు దొరకడం ఇంకో లాభం. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగుతో సహా భారతీయ భాషల్లో ఉచితంగా ఉన్నాయని కూడా గుర్తుంచుకోవాలి.

ఉద్యోగాల అంకెల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త అవసరం. శాన్ ఫ్రాన్సిస్కోలో 2012లో ఈ ఒరవడి దిద్దిన డెవ్ బూట్‌క్యాంప్ 2017లో మూతపడింది. ఉద్యోగం వచ్చాకే జీతంలో వాటా ఇవ్వమన్న లాంబ్డా స్కూల్, తర్వాత బ్లూమ్‌టెక్‌గా పేరు మార్చుకుంది. 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ దాని మీద చర్య తీసుకుంది. ప్రకటనల్లో 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలని చెప్పిన బ్లూమ్‌టెక్ సొంత లెక్కల్లో అది 50 శాతం దగ్గర, కొన్ని సందర్భాల్లో 30 దాకా కూడా పడిందని రక్షణ సంస్థ తేల్చింది. కనుక ఎవరైనా శాతం చెబితే దేనిలో శాతమని అడగాలి. చేరినవాళ్లలోనా, పూర్తి చేసినవాళ్లలోనా? ఎన్ని నెలల్లో? ఏ రకం ఉద్యోగం? మధ్యలో మానేసినవాళ్లు లెక్కలో ఉన్నారా?

బూట్‌క్యాంప్ ట్రయల్ క్లాసు ఇస్తే అక్కడ చేయాల్సిన పని ఒకటుంది. కావాలని ముగింపు ట్యాగ్ తీసేసిన కోడ్ పంపండి. జవాబు ఎంతసేపటికి వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది, తప్పు చోటును చూపించిందా, లేక సరైన కోడ్ అతికించి వదిలేసిందా చూడండి. వారానికి ఎన్నిసార్లు మన కోడ్‌ను మనిషి చదువుతాడో రాతపూర్వకంగా అడగండి. అంతకంటే ముందు, ప్లాంటు షిఫ్టు అయ్యాక మిగిలే సాయంత్రాల్లో ఆ సర్వే ఫారమ్‌ను ఎవరి సాయం లేకుండా పూర్తి చేయండి. పరీక్షలన్నీ దాటాక కూడా, ఎవరూ అడగకుండానే దానికి ఇంకో పేజీ చేర్చాలనిపిస్తే, అప్పుడు ఫీజు మాట ఇంట్లో ఎత్తవచ్చు.