రేకు అంచు దగ్గర

కారులో కొత్త స్టీరియో పెట్టించిన మూడో రాత్రి నుంచి అలారం దానంతటదే మోగడం మొదలైంది. రిమోట్‌తో ఆపితే గంటకో రెండు గంటలకో మళ్లీ అదే కూత. సెట్టు బిగించినవాళ్లు అలారం పెట్టె పోయిందనీ, మార్చేయాల్సిందేననీ తేల్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక వైరింగ్ మేస్త్రి మాత్రం కారు మీద చెయ్యి వేయకముందే ఒక మాట అడిగారు.

"మోగినప్పుడు లోపల రూమ్ లైటు వెలిగిందా సార్?"

వెలిగింది. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ చూసి చెప్పాడు. నేనే దాన్ని పట్టించుకోలేదు.

ఆ ప్రశ్నలో ఎంత పనితనం ఉందో చెప్పాలి. చాలా కార్లలో రూమ్ లైటుకు ఒకవైపు కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. తలుపు తీయగానే డోర్ స్విచ్ రెండో వైపు వైరును బాడీకి, అంటే ఎర్త్‌కు కలుపుతుంది. విడిగా కొని పెట్టించుకునే అలారాలు చాలావరకు ఈ వైరునే కనిపెట్టుకుని ఉంటాయి. దారిలో అది ఎక్కడ ఇనుముకు తగిలినా వాటి లెక్కలో తలుపు తెరుచుకున్నట్టే. కుదుపుకు మోగి ఉంటే మామూలుగా లైటు వెలగదు. పెట్టె చెడి మోగినా వెలగనక్కర్లేదు. కూత, లైటు రెండూ కలిసి వచ్చాయంటే వెతకాల్సింది ఆ ఒక్క వైరునే. విప్పకుండానే సగం పని అయిపోయింది.

ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీశారు. సెట్టును బయటికి లాగి, మల్టీమీటరు ఒక కొస డోర్ వైరుకు, ఇంకో కొస బాడీకి పెట్టి, తలుపులన్నీ మూయించి, వైర్ల కట్టను వేలితో మెల్లగా కదిపారు. ఒకచోట మీటరు కీచుమంది. స్టీరియో కూర్చునే రేకు ఫ్రేము అది. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు ఉన్న ఆ కంతలోకి వైర్లన్నీ కుక్కి సెట్టును తోసేసరికి, కత్తిలాంటి రేకు అంచు డోర్ వైరు తొడుగును కోసింది. పగటి ఎండకు డ్యాష్‌బోర్డు సాగి, రాత్రి చల్లబడి ముడుచుకుంటే ఆ కాస్త రాగి ఫ్రేముకు ఆనుతోంది.

అక్కడ టేపు చుట్టి పంపేసినా నేను డబ్బులిచ్చి వచ్చేసేవాణ్ణే. ఆయన ఫ్రేము బయటికి తీసి అంచులకు ఆకురాయి పట్టారు. తెగిన చోట వైరు అతికి సోల్డరు చేసి, స్లీవ్‌ను దాని మీదికి జరిపి వేడి చూపించారు. కట్ట మొత్తానికి గుడ్డ టేపు చుట్టి, ఫ్రేముకు దూరంగా పక్కనుంచి తిప్పి కట్టారు. ఆ చుట్టలో ఒక్కో వరస ముందు వరసను సగం కప్పుతూ పోయింది. కంటికి కనబడని చోట అంత శ్రద్ధ చూసి నిజంగా నా మనసు నిండింది.

అడగని పని ఇంకొకటి చేశారు. సెట్టు జ్ఞాపకం నిలవడానికి పసుపు వైరు ఎప్పుడూ కరెంటులో ఉండాలి. ఎరుపు వైరు తాళంచెవి తిప్పినప్పుడే అందుకోవాలి. బిగించినవాళ్లు రెండూ కలిపి మెలేశారు. తాళం తీశాక కూడా సెట్టు పూర్తిగా నిద్రపోవడం లేదు. "ఇలా వదిలేస్తే ఒకరోజు బ్యాటరీ పడుకుంటుంది సార్" అంటూ విడదీశారు. టెర్మినల్ పెట్టే ముందు మధ్యలో మీటరు కలిపి, కారు సద్దుమణిగేదాకా ఆగి చూశారు. ఆపి ఉన్న కారు లాగే కరెంటు 50 మిల్లీఆంపియర్లు దాటకూడదంటారు. 22 దగ్గర నిలిచింది.

చివరగా ఒక అద్దం దించి, కారు లాక్ చేసి, డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో రెండుమూడు చోట్ల గట్టిగా నొక్కారు. చప్పుడు లేదు. అద్దంలోంచి చెయ్యి పెట్టి లోపలి నుంచి తలుపు తీశారు. రూమ్ లైటు వెలిగింది, అలారం వీధి మారుమోగేలా కూసింది. "ఇప్పుడు మోగాలి" అని రిమోట్ నా చేతికిచ్చారు.