పులి తల రాక్షసుడు, చుక్కల రెక్కల దోమ

ఈ వారం చికాకు పెట్టినవాడు కొత్తవాడేం కాదు. ఈ కాలమ్ విడవకుండా చదివేవాళ్ళకు పాత పరిచయస్తుడే: పులి తల, దొరల దుస్తులు, పొగాకు పైపు పెట్టుకుని దర్జాగా కనిపించే రాక్షసుడు. ఊహాలోకపు ఆటల్లో ఎదురయ్యే ప్రమాదకరమైన శత్రువుల గురించి పరిచయ గ్రంథాలు కూర్చే పనికి పెద్దదిక్కు 1977లో అమెరికాలో వచ్చిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటను రూపొందించిన ఇద్దరిలో ఒకరైన గ్యారీ గైగాక్స్ దాన్ని రాశారు. మూడువందల యాభైకి పైగా ప్రాణులు అక్షరక్రమంలో బారులు తీరి ఉంటాయి. మనవాడూ ఆ వరసలోనే ఉన్నాడు. అతగాడు ఆ పుస్తకంలోకి వచ్చింది వాల్మీకి నుంచీ కాదు, వ్యాసుడి నుంచీ కాదు. 1974 చివర్లో అమెరికా టీవీలో వచ్చిన ‘కోల్చాక్’ అనే భయానక సీరియల్‌లోని ఒక భాగం నుంచి. మంత్రించిన బాణం తగిలితేనే చస్తాడన్న నియమం కూడా అక్కడిదే. ఆనాటి నుంచి ఎన్ని కూర్పులు మారినా, ఎన్ని కంప్యూటర్ ఆటలు దాన్ని చూసి రాసుకున్నా, పులి తల మాత్రం దిగలేదు. ఇప్పుడు ఆటల కోసం మన కుర్రాళ్ళు వేసుకునే శత్రువుల పట్టికల్లోకి కూడా అదే తల తిరిగి వస్తోంది.

ఇలాంటప్పుడు నోటికి మొదట వచ్చే మాట ఒకటుంది: వాళ్ళు తప్పు రాశారు, మనం ఒప్పు రాద్దాం. సరుకుకేం కొదవ? మణిసిద్ధుడు గోపబాలుడికి దారిపొడవునా చెప్పుకుంటూ పోయిన మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల పన్నెండు భాగాలున్నాయి. ‘తోకచుక్క’తో మొదలుపెట్టి చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ఏళ్ళ తరబడి నడిపిన సీరియళ్ళున్నాయి, వాటికి చిత్రా వేసిన బొమ్మలున్నాయి. కొరివి దయ్యాలు, శాకినీ ఢాకినులు, బ్రహ్మరాక్షసులు సరేసరి. ఇంత సరుకును పోగేసి, వరసలో పెట్టి, అచ్చ తెలుగు శత్రు పరిచయం ఒకటి అచ్చేయించాలన్న కోరిక సహజం. పట్టికలన్నా, సూచికలన్నా నాకు వెర్రి గనక, ఆ కోరిక నాకెంతగా ఉంటుందో విడిగా చెప్పక్కర్లేదు. పేచీ అంతా ఒక్కో పేరు కింద ఏం రాయాలన్న దగ్గరే వస్తుంది. ఇప్పుడు చలామణిలో ఉన్న పద్ధతి అంకెల పద్ధతి. ప్రాణశక్తి ఇంత, దెబ్బ ఇంత, వేగం ఇంత, చంపితే దక్కే బంగారం ఇంత. ఈ లెక్కన బకాసురుడికీ హిరణ్యకశిపుడికీ ఉన్న తేడా రెండు సున్నాలు.

మన కథల్లో శత్రువును గుర్తుంచుకునే తీరు అది కాదు. హిరణ్యకశిపుడి బలం ఎంతో ఎవరికీ జ్ఞాపకం ఉండదు. పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని చోట, మనిషీ మృగమూ కాని రూపం చేతిలో తప్ప చావడన్నది మాత్రం పసిపిల్లలకు కూడా తెలుసు. జరాసంధుణ్ణి రెండుగా చీలిస్తే చాలదు, ఆ రెండు ముక్కల్నీ అటుదిటు ఇటుదటు విసరాలి. రక్తబీజుడి నెత్తురు బొట్టు నేల తాకకూడదు. బేతాళుడి ముందు విక్రమార్కుడికి రెండువైపులా ఉచ్చే: జవాబు తెలిసీ మాట్లాడకపోతే తల పగులుతుంది, మాట్లాడితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. 1951లో ‘పాతాళభైరవి’ చూసినవాళ్ళకు నేపాళ మాంత్రికుడి శక్తి గడ్డంలో ఉందని తెలుసు, అంజిగాడు ఆ గడ్డం ఎలా గీశాడో తెలుసు. ఈ శత్రువులందరికీ ఉన్నవి షరతులు. వరం అనేదే అసలు ఒక ఒప్పందపత్రం. దాన్ని రాయించుకున్నవాడు ఎంత తెలివిగా రాయించుకున్నా ఎక్కడో ఒక గీత ఖాళీగా మిగిలిపోతుంది. రావణుడు దేవతల పేర్లూ గంధర్వుల పేర్లూ చెప్పి, మనుషుల్ని లెక్కలోకే తీసుకోలేదు. శత్రు పరిచయంలో ఒక్కో పేరు కింద రాయాల్సింది ఆ ఖాళీ గీత. చిన్న రాక్షసులకు కూడా అంతే.

దీనికి పురాణాలదాకా వెళ్ళనక్కర్లేదు. 1990లలో మన ఊళ్ళలో తలుపుల మీద సుద్దతోనో బొగ్గుతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి ఉండేది, రాత్రి తలుపు తట్టే ఆడదయ్యం అది చదివి వెనక్కి పోతుందని. కన్నడ దేశంలో అదే కథ ‘నాళె బా’ అన్న రాతతో నడిచింది. నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు గానీ, శత్రు పరిచయం ఎంత క్లుప్తంగా ఉండవచ్చో చెప్పడానికి ఇంతకు మించిన నమూనా నాకు దొరకలేదు. ఆమెకు చదవడం వస్తుంది. రాసినదాన్ని మన్నిస్తుంది. నిన్న ఇదే మాట చదివానన్న జ్ఞాపకం ఉండదు, లేదా ఉన్నా మాట తప్పదు. ఆమె బలం ఎంతో, ఎలా ఉంటుందో ఒక్క అక్షరం లేదు. అయినా ఇల్లుగలావిడ రాత్రి చేయాల్సిన పని ఏమిటో తేలిపోయింది.

ఇక్కడ పిట్టకథ ఒకటి చెప్పాలి. సగం జాగా అది మింగినా పరవాలేదు, ఎందుకంటే ప్రమాదకర శత్రువుల్ని వర్గీకరించిన అసలుసిసలు పని ఒకటి మన సికింద్రాబాద్‌లోనే జరిగింది. రోనాల్డ్ రాస్ సైనిక వైద్యుడు. 1895లో ఇక్కడికి వచ్చాడు, మలేరియా దోమలోంచే వస్తుందని రుజువు చేయాలన్న పట్టుదలతో. దోమలు పట్టాడు, రోగుల్ని కుట్టించాడు, కోశాడు, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. రెండేళ్ళపాటు ఏమీ దొరకలేదు. కారణం పద్ధతిలో లేదు, దోమలో ఉంది. అతను కోస్తున్నవి చారల దోమలు, బూడిదరంగు దోమలు. వాటిలో మనిషికి మలేరియా తెచ్చే పరాన్నజీవి పెరగదు. శాస్త్రగ్రంథాలు అందుబాటులో లేక, వాటి లాటిన్ పేర్లు తెలియక, కంటికి కనిపించిన గుర్తుల్ని బట్టి అతను పెట్టుకున్న పేర్లవి. 1897 ఆగస్టు మధ్యలో మూడో రకం చేతికి వచ్చింది: రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమ. హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించాడు, దోమకు ఒక అణా లెక్కన కూలి ఇచ్చి. ఆగస్టు 20న బేగంపేటలో, వాటిలో ఒకదాని పొట్ట గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి: ఆ పరాన్నజీవే. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఆగస్టు 20 ఇప్పటికీ ప్రపంచ దోమల దినం.

ఈ కథను పట్టుదలకు పాఠంగా చెప్పడం మామూలు. నాకు మాత్రం అది పట్టిక కట్టే కళకు సంబంధించిన కథ. జంతుశాస్త్రం లెక్కలో రాస్ వర్గీకరణ మొరటుది. పండితుడెవడూ మెచ్చడు. అయినా అది పనిచేసింది, ఎందుకంటే అతను గీసిన గీత ప్రమాదం ఉన్నచోటే పడింది. మూడూ కుడతాయి, మూడూ నెత్తురు తాగుతాయి. కుట్టే జోరుకు అంకెలు వేసుకుని పట్టిక రాసి ఉంటే మూడూ పక్కపక్కనే ఉండేవి. తేడా తెలిసింది రెక్క మీది మచ్చల్లో, గుడ్లు పెట్టే నీళ్ళలో, గోడ మీద వాలుగా కూర్చునే తీరులో. ఆ తరవాత ఆ దోమను ఓడించిన పద్ధతి చూడండి. ఒక్కొక్కదాన్నీ కొట్టుకుంటూ పోలేదు, అది పుట్టే నీటిగుంటల్ని ఎండబెట్టారు. అరణ్యపర్వంలో కాలకేయులు పగలు సముద్రంలో దాక్కుని రాత్రిపూట వచ్చి మునుల్ని చంపుతుంటే దేవతలు చేసింది కూడా అదే. అగస్త్యుడి చేత సముద్రాన్ని తాగించారు. కాలకేయులంటే ‘బాహుబలి’లో కిలికి భాష మాట్లాడినవాళ్ళని మాత్రమే తెలిసిన తరానికి ఈ పాత ఎత్తుగడ ఆ యుద్ధం కంటే బాగా నచ్చుతుందని నా అనుమానం. శత్రువు ఎక్కడ ఉంటాడు, ఏ వేళ బయటికొస్తాడు, ఏం లేకపోతే బతకలేడు. ఈ మూడూ రాస్తే మిగతాది ఆడేవాడే చూసుకుంటాడు.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. రహస్యం ముందే చెప్పేస్తే భయం ఏం మిగులుతుందన్నది మొదటిది. బాలనాగమ్మ కథనే తీసుకుందాం. 1942లో జెమినీవారు తీయకముందు ఎన్నో తరాల నుంచి బుర్రకథలుగా నడిచిన కథ అది. మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందన్న సంగతి బాలనాగమ్మ వాడి నోటితోనే చెప్పిస్తుంది. అక్కడితో కథ అయిపోలేదు. రహస్యం తెలిసిన తరవాతే కొడుకు బాలవర్ధిరాజు ప్రయాణం మొదలవుతుంది, వినేవాళ్ళకు ఒళ్ళు జలదరించేది ఆ ప్రయాణంలోనే. చిలక ఉందని తెలిసి, చేయి అందకపోవడంలోని భయం, ఏమీ తెలియకపోవడంలోని భయం కంటే పెద్దది. అంకెల పట్టికలో దాచడానికంటూ ఏమీ ఉండదు గనక రహస్యం గురించిన దిగులు అక్కడ పుట్టదు, అంతే తేడా. రెండో అభ్యంతరం ఆటలు తయారుచేసేవాళ్ళది: కంప్యూటర్‌కు కథ అర్థం కాదు, అంకెలే కావాలి. నిజమే, ఇవ్వండి. రైలు ఇంజన్‌కు ఎన్ని అశ్వశక్తులో ఇంజన్ కొట్టంలో రాసుంటుంది, ప్రయాణికుడి చేతిలో ఉండేది టైమ్‌టేబుల్. అంకెలు యంత్రంలో ఉండాలి. చేతిలో పట్టుకుని అడవిలోకి దిగే పుస్తకంలో వాటికి పని లేదు.

ఈ కొలతతో ఇప్పుడు మళ్ళీ ఆ పులి తలవాణ్ణి చూస్తే వ్యవహారం తిరగబడుతుంది. గైగాక్స్ రాసినదాంట్లో, అంకెల అడుగున, నిఖార్సయిన షరతులున్నాయి. ఎదుటివాడి మనసు చదివి, వాడు నమ్మే మనిషి రూపంలో కనబడి, ఏమరుపాటున మీద పడతాడు. మామూలు ఆయుధం తాకదు, చిన్నాచితకా మంత్రం పనిచేయదు, మంత్రించిన బాణం మాత్రం తగిలితే చాలు, చస్తాడు. భిక్ష అడుగుతూ వచ్చిన సన్యాసినీ, రాముడి గొంతుతో అరిచిన మారీచుణ్ణీ చదివిన మనకు ఇందులో వింతేముంది? టీవీ సీరియల్ చూసి రాసినా మర్మం పట్టుకున్నాడు. ఇక ఆ తల సంగతి. సుందరకాండలో హనుమంతుడు శింశుపా వృక్షం మీద నుంచి చూసిన కాపలా రాక్షస స్త్రీలలో పంది మొహంవాళ్ళు, లేడి మొహంవాళ్ళు, దున్న మొహంవాళ్ళు, నక్క మొహంవాళ్ళు ఉన్నారు. ఆ వరసలోనే పులి మొహంవాళ్ళు కూడా ఉన్నారు. అందుచేత ఒప్పు రాద్దాం అన్న ఉత్సాహానికి పునాది లేదు. మన రాక్షసుడికి ఒప్పయిన మొహం అంటూ ఎప్పుడూ లేదు, కామరూపి కావడమే అతని లక్షణం. ఆ బొమ్మను అలాగే ఉంచేసి, పక్కన ‘ఇది ఒక వేషం’ అని రాస్తే చాలు. అచ్చ తెలుగు పరిచయ గ్రంథం అన్న ఊహకు నేను ఇంతకాలం ఇస్తూ వచ్చిన మద్దతు కూడా ఇక్కడితో సడలుతుంది. నిజాయితీగా రాసిన పరదేశపు షరతు, గాలికి రాసిన స్వదేశపు అంకె కంటే పనికొస్తుంది.

అయితే ఒక విషయంలో మాత్రం రాజీ లేదు. జానపద దేవతల్ని శత్రువుల పట్టికలో వేయకూడదు. ఎర్ర కళ్ళు, నాలుక, చేతిలో కత్తి చూసి మైసమ్మనో పోచమ్మనో ఆటలో ఆఖరి శత్రువుగా నిలబెడదామన్న ఆలోచన ఏ డిజైనర్‌కైనా ఇట్టే వస్తుంది. భక్తుల మనసు నొచ్చుకుంటుందన్నది ఒక కారణం, కానీ నా వాదన అది కాదు. పట్టిక లెక్కలోనే అది పొరపాటు. లష్కర్ బోనాల కథ సికింద్రాబాద్‌వాళ్ళకు ఒకరు చెప్పాలా? 1813లో జంటనగరాల్లో కలరా చెలరేగింది. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అప్పటికి తన దళంతో ఉజ్జయినిలో ఉన్నాడు. ఊరికి గండం తప్పితే అమ్మవారిని తెచ్చి నిలబెడతానని మొక్కుకున్నాడు, 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహం ప్రతిష్ఠించాడు. అదే ఉజ్జయిని మహంకాళి గుడి. ఇక్కడ శత్రువు కలరా. అమ్మవారితో ఉన్నది పోరాటం కాదు, బాకీ. ఆషాఢంలో బోనం, సాక, తొట్టెలు ఆ బాకీ చెల్లించే తీరు, మర్నాడు పచ్చికుండ మీద నిలబడి రంగంలో పలికే మాట లెక్క సరిపోయిందో లేదో చెప్పే చీటీ. ఇందులో గెలుపు అన్న మాటకు చోటే లేదు. గెలవడానికి వీల్లేనిదాన్ని శత్రువు అని రాస్తే ఆడేవాడు తప్పుదారి పడతాడు. ఈ బాపతువాళ్ళకు వేరే పుస్తకం కావాలి, అందులో ఎవరికి ఏం బాకీ, ఏ నెలలో చెల్లించాలి అన్న వివరాలుండాలి. కొరడా పట్టుకున్న పోతురాజు కూడా చేరేది అందులోకే.

మిగిలిన చిక్కు ఘటోత్కచుడు. తల్లి రాక్షసి, తండ్రి భీముడు. ‘మాయాబజార్’లో శశిరేఖ వేషం వేసినా, పద్నాలుగో రోజు రాత్రి కురుక్షేత్రంలో చీకటి పడేకొద్దీ బలం పెరిగి కౌరవసేనను చీల్చి చెండాడినా, షరతులన్నీ రాక్షసుడివే. ఒక్కసారి మాత్రమే పనిచేసే శక్తి ఆయుధాన్ని అర్జునుడి కోసం దాచుకున్న కర్ణుడు అతని మీదే ఖర్చుపెట్టక తప్పలేదు. కౌరవుల శిబిరంలో శత్రు పరిచయం ఉండి ఉంటే మొదటి పేజీ అతనిదే అయ్యేది. పాండవుల పుస్తకంలో అతను బంధువుల జాబితాలో ఉంటాడు. ఈ పనికి పూనుకునే కుర్రాళ్ళు రాక్షసుల మొహాలు గీయడానికి ముందు తమది ఏ శిబిరమో తేల్చుకోవాలి. ఆట మధ్యలో ఆడేవాడు పక్షం మారే వీలుంటే, రెండు ప్రతులూ విడివిడిగా రాసి పెట్టుకోవాలి.