ఆకాశాన్ని ఇంట్లోకి పిలిచే విద్య

విశాఖ ద్వారకా నగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్సు వెనక సందుల్లో బయట ఎండ మండిపోతుంటుంది. అపార్టుమెంట్ల లోపలి గదుల్లో మాత్రం పగలు పదకొండింటికీ ట్యూబులైటు వెలుగుతూనే ఉంటుంది. కిటికీ తీస్తే ఎదురుగా పక్కవాళ్ల గోడ. మన రాత ఇంతేనని సరిపెట్టుకుంటాం. ఎండను గుమ్మం బయటే నిలిపి, వెలుతురును మాత్రం లోపలికి తెచ్చుకోవడం మన పెద్దలకు తెలిసిన విద్య. అది ఈ గదులకూ పనికొస్తుంది.

కోస్తా జిల్లాల మండువా లోగిలిని తలచుకోండి. ఇంటి నడుమ ఆకాశం కనిపించే చదరం, నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన పెంకుల చూరు, చుట్టూ స్తంభాల వసారా, దాని వెనక గదులు. అక్కడ ఎండ నేరుగా గదిలోకి దిగదు. మండువా నేల మీద పడి, తెల్లటి గోడలకు తగిలి, మెత్తబడి లోపలికి చేరుతుంది. మబ్బు కమ్మిన రోజు నడినెత్తిన ఆకాశం అంచుల్లో కన్నా సుమారు 3 రెట్లు ప్రకాశంగా ఉంటుంది. అందుకే శ్రావణ మాసపు ముసురులోనూ ఆ ఇంట్లో పగలు పగలులాగే ఉంటుంది. మండువాకు చోటు లేని పెంకుటింట్లో వంటగది మీద ఒకటో రెండో గాజు పెంకులు అమర్చుకునేవారు. పొయ్యి దగ్గర అమ్మకు అదే పగటి దీపం.

గోడలకు వేసే వెల్ల ఈ విద్యలో రెండో సగం. సున్నం మీద నీళ్లు పోస్తే సలసలా ఉడికేది. చల్లారాక బట్టలో వడగట్టి, గోడకు పట్టడానికి జిగురో గంజో కలిపి, చివర చిటికెడు నీలిమందు వేసేవారు. ఆ నీలం పసుపు ఛాయను అణిచి తెలుపును పైకి తేల్చేది. గోడకు పట్టిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. కొత్త వెల్ల తన మీద పడిన కాంతిలో దాదాపు 80 శాతాన్ని గదికి తిరిగి ఇచ్చేస్తుంది. ఏడాది పొగ మింగిన వెలుతురంతా సంక్రాంతి వెల్లతో ఇంటికి తిరిగొచ్చేది.

చూరుకూ ఒక లెక్క ఉంది. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. జూన్‌లో నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. దక్షిణపు కిటికీకి 2 అడుగుల సన్‌షేడ్ ఉంటే జూన్ మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. డిసెంబరు ఎండ మాత్రం 4 అడుగుల కిటికీ కింది భాగం గుండా వచ్చి నేల మీద వాలుతుంది.

అద్దె ఫ్లాటులోనూ ఈ సూత్రాలు పాటించవచ్చు. గది లోతుకు వెలుతురును తీసుకెళ్లేది కిటికీ పైభాగం. కాబట్టి కర్టెన్ రాడ్డును కిటికీ కన్నా ఎత్తుగా, వెడల్పుగా బిగించండి. తెర పక్కకు లాగితే అద్దమంతా ఖాళీగా ఉండాలి. పైకప్పుకు తెల్లరంగే వేయండి. కిటికీ పక్కన బీరువా ఉంటే లోపలి మూలకు జరపండి. బీరువా ఖాళీ చేసిన ఆ చోట గోడకు నిలువుటద్దం తగిలిస్తే చీకటి మూలకు కూడా వెలుతురు అందుతుంది. సముద్రపు ఉప్పుగాలికి కిటికీ అద్దాలు తొందరగా మసకబారతాయి, వారానికోసారి తడిబట్టతో తుడవండి.

ఇక అపార్టుమెంటు నడుమ ఓటీఎస్ (ఓపెన్ టు స్కై) అని పిలిచే ఆ ఇరుకు సందు ఉంది కదా, పైపులకూ పాత సామానుకూ వదిలేసినది. నిజానికి మన మండువాకు మిగిలిన వారసత్వం అదే. పై నుంచి దిగే కాంతి కింది అంతస్తుకు చేరాలంటే దాని గోడలు తెల్లగా ఉండాలి. ఒక్క ఇంటివాళ్లు తమ కిటికీ చుట్టూ రంగు వేసుకుంటే చాలదు. లోగిలిలో అందరూ ఒకే ఆకాశాన్ని పంచుకున్నట్టే, ఈ సందు చుట్టూ కాపురమున్న వాళ్లంతా తలా కొంత వేసుకుని, సంక్రాంతి ముందు పై నుంచి కింది దాకా ఆ గోడలకు తెల్లరంగు వేయించాలి. అప్పుడు కింది అంతస్తులో పుస్తకం పట్టుకున్న పిల్లవాడికి పై అంతస్తు గోడ వెలుతురు పంపుతుంది.