లేత్ మీదికి సానరాయి ఎక్కించాలంటే

లేత్ దగ్గర సానరాయి తిప్పొద్దని పాత టర్నర్లు కొత్తవాళ్లకు గట్టిగా చెబుతారు. రాయి నుంచి రాలే పొడి బెడ్‌ను తినేస్తుందని వాళ్ల భయం, ఆ భయంలో న్యాయముంది. అయినా అమెరికాలో రేసీన్ ఊరి డ్యూమోర్ కంపెనీ టూల్ పోస్ట్ గ్రైండర్లను, అంటే లేత్ మీద టూల్ ఉండే చోట బిగించే సానరాయి యంత్రాలను, దశాబ్దాల తరబడి తయారుచేసి అమ్మింది. ఇంగ్లండ్‌లో ఇంటి వెనక షెడ్డులో లేత్ పెట్టుకుని బుల్లి ఆవిరి ఇంజన్లు చేసుకునే అభిరుచిపరులైతే వాటిని సొంతంగానే కట్టుకున్నారు. 1898లో పెర్సివల్ మార్షల్ మొదలుపెట్టిన ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక ఈ అభిరుచిని పెంచి పోషించింది. ప్రొఫెసర్ డెనిస్ చాడక్ 1970లలో ఆ పత్రికలోనే ‘క్వార్న్’ అనే సానపట్టే యంత్రాన్ని, ఇంట్లో ఉన్న చిన్న లేత్ మీద ఎవరికి వారు తయారుచేసుకునేలా వివరించారు. ఉన్న యంత్రంతో లేని యంత్రాన్ని పుట్టించుకోవడం ఆ సంప్రదాయంలో మామూలు సంగతి. టూల్ పోస్ట్ గ్రైండర్ విలువ కూడా అక్కడే తెలుస్తుంది. దాన్ని బిగించినంత మాత్రాన చిన్న లేత్ గ్రైండింగ్ మిషన్ అయిపోదు. ఆ లేత్‌కున్న కొన్ని లోపాలను ఆ లేత్ చేతనే సరిచేయించగల పనిముట్టు అది. ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఈ ఒక్క విషయం నుంచే వస్తాయి.

హెడ్‌స్టాక్‌లో కూర్చోబెట్టే సెంటర్‌నే తీసుకుందాం. దాని మొన 60 డిగ్రీల కోణంలో ఉండి, స్పిండిల్ అక్షం మీద ఊగకుండా తిరగాలి. బయట ఎంత మంచి షాపులో సాన పట్టించి తెచ్చినా ఆ మొన దాని తోకకు మాత్రమే సరిగ్గా ఉంటుంది. మన స్పిండిల్ లోపలి టేపర్ 0.02 మి.మీ. పక్కకు ఉంటే మొన కూడా పక్కకే తిరుగుతుంది. అదే సెంటర్‌ను మన స్పిండిల్‌లోనే ఉంచి, కాంపౌండ్ స్లైడ్‌ను 30 డిగ్రీలకు తిప్పి రాయి తాకిస్తే, టేపర్‌లో ఏ వంకర ఉన్నా మొన మాత్రం అసలు అక్షం మీదికి వచ్చి తీరుతుంది. తీసి మళ్లీ పెట్టినప్పుడు అదే స్థితిలో కూర్చునేందుకు సెంటర్ మీద, స్పిండిల్ మీద ఒక్కో గుర్తు పెట్టుకుంటే చాలు. చక్ దవడలదీ ఇదే కథ. ఏళ్ల తరబడి వాడిన చక్‌లో దవడల ముందు భాగం అరిగి గరాటులా తెరుచుకుంటుంది. జాబ్‌ను లోపలి అంచు మాత్రమే పట్టుకుంటుంది, బయటి కొస ఊగుతుంది. వాటిని విప్పి ఎవరికో పంపితే లాభం లేదు. చక్‌లోనే, బిగువులో ఉండగానే రాయి పట్టాలి. జాబ్‌ను పట్టినప్పుడు దవడలు ఏ వైపు నెట్టుకుంటాయో సాన పట్టేటప్పుడూ ఆ వైపే నెట్టుకుని ఉండాలి. అందుకోసం పట్టు ముఖాలను వదిలేసి దవడల పక్క అంచులకు మాత్రమే ఆనేలా మూడు చోట్ల కోత పెట్టిన ఇనప బిళ్లను, వీలైనంత ముందుకు పెట్టి బిగిస్తారు. ఖాళీ చక్ దవడలకు సాన పడితే ముఖాలు తళతళలాడతాయి గాని జాబ్ బిగించగానే పాత వంకరే తిరిగొస్తుంది.

ఈ పనులకు గ్రైండర్ ఎంచుకునేటప్పుడు చాలామంది చూపు ముందు మోటారు హార్స్ పవర్ మీదికి పోతుంది. 190 వాట్ల మోటారు, అంటే పావు హార్స్ పవర్, చిన్న లేత్‌కు బాగానే సరిపోతుంది. ముందు లెక్క చూసుకోవాల్సింది రాయి సైజుకూ చుట్లకూ మధ్య పొత్తు. మామూలు విట్రిఫైడ్ రాళ్లు అంచు దగ్గర సెకనుకు సుమారు 33 మీటర్ల వేగంతో తిరగడానికి చేసినవి. ఆ వేగానికి 100 మి.మీ. రాయి నిమిషానికి దాదాపు 6,300 చుట్లు తిరిగితే చాలు. 25 మి.మీ. రాయి 25,000 చుట్లు తిరగాలి. చెక్కపనివాళ్ల రౌటర్ మోటారు 25,000 చుట్లు తిరుగుతుంది కదా అని దానికి 100 మి.మీ. రాయి తగిలిస్తే అంచు వేగం సెకనుకు 130 మీటర్లు దాటుతుంది. వేగం నాలుగింతలైతే రాయిని చీల్చే బలం పదహారింతలవుతుంది. అది పనిముట్టు కాదు, బాంబు. కాబట్టి ముందు చేయబోయే పని తేల్చుకోవాలి, దాన్నిబట్టి రాయి, రాయినిబట్టి చుట్లు, చుట్లనుబట్టి స్పిండిల్. దవడలకు, చిన్న బోర్లకు 20 మి.మీ. రాయితో రౌటర్ తరహా మోటారు పనికొస్తుంది. క్రెస్ కంపెనీ మోటార్లకుండే 43 మి.మీ. మెడను ఒక దిమ్మెలో బోర్ చేసి బిగించుకోవడం తేలిక. షాఫ్టుల పైభాగానికైతే బెల్టుతో నడిచే విడి స్పిండిల్ కావాలి. ఏది కొన్నా చివరి పరీక్ష ఒక్కటే. స్పిండిల్ కొసకు డయల్ ఇండికేటర్ ఆనించి చేత్తో ముందుకూ వెనక్కూ లాగి చూడాలి. ముల్లు కదిలిందంటే ఆ కదలిక జాబ్ మీద గీతలుగా అచ్చుపడుతుంది. మంచి స్పిండిల్‌లో యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులు జంటగా, ముందే ఒత్తిడి పెట్టి కూర్చోబెట్టి ఉంటాయి కనుక ముల్లు కదలదు. రాయి ఎంపిక ఇంత చిక్కు కాదు. గట్టిపరిచిన ఉక్కుకు 60 గ్రిట్ తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి, అదీ మెత్తటి గ్రేడుది తీసుకోవాలి. మొద్దుబారిన రేణువు తనంతట తాను రాలిపోతేనే కొత్త పదును బయటికొస్తుంది. గట్టి రాయి మొద్దు రేణువులను వదలక జాబ్‌ను కాల్చేస్తుంది.

బిగింపు దగ్గరే చిన్న లేత్ పరీక్షకు నిలుస్తుంది. ఇంగ్లండ్‌లో బీస్టన్‌లోని మైఫోర్డ్ కంపెనీ 1946లో తెచ్చిన ఎంఎల్7 లేత్ సెంటర్ ఎత్తు బెడ్ నుంచి 89 మి.మీ. మాత్రమే. క్రాస్ స్లైడ్ పైన మిగిలే జాగా ఇంకా తక్కువ. లావుపాటి మోటారును ఆ ఎత్తుకు దించలేక పక్కకు వేలాడదీస్తే అదురు మొదలవుతుంది. క్విక్ చేంజ్ హోల్డర్‌కు బ్రాకెట్ తగిలించడం చూడ్డానికి సులువు. కానీ హోల్డర్, పోస్టు, కాంపౌండ్, క్రాస్ స్లైడ్ అంటూ అతుకులు పెరిగే కొద్దీ గట్టిదనం తగ్గుతూ పోతుంది. మైఫోర్డ్ క్రాస్ స్లైడ్ మీద టి గాళ్లు ఉన్నాయి కనుక దవడలకూ షాఫ్టులకూ కాంపౌండ్‌ను పూర్తిగా తీసేసి దిమ్మెను నేరుగా ఆ గాళ్లలో బోల్టులతో బిగించడమే మేలు. సెంటర్ మొనకు మాత్రం కోణం కావాలి కాబట్టి కాంపౌండ్ తప్పదు. ఆ పనిలో రాయి అక్షం కచ్చితంగా సెంటర్ ఎత్తులో ఉండాలి. కాస్త పైకో కిందికో జరిగితే కోను పక్కలు తిన్నగా రావు, లోపలికి వంపు తిరుగుతాయి. షాఫ్టుకు కాంపౌండ్ ఉంచుకునేవాళ్లు దాన్ని బెడ్‌కు సమాంతరం నుంచి 5.7 డిగ్రీలు తిప్పుతారు. అప్పుడు డయల్ మీద 0.1 మి.మీ. నడిపితే రాయి జాబ్‌లోకి 0.01 మి.మీ. మాత్రమే దిగుతుంది. సూక్ష్మమైన కోతకు ఈ ఏర్పాటు బాగానే ఉంటుంది గానీ, ఎంఎల్7 అంత చిన్న లేత్‌లో గట్టిదనమే ముఖ్యమని నా అభిప్రాయం. కోత లోతును క్రాస్ స్లైడ్‌కు ఆనించిన డయల్ ఇండికేటర్‌తోనూ కొలుచుకోవచ్చు.

తిరిగే దిశ సంగతి చాలామంది పట్టించుకోరు. తాకే చోట రాయీ జాబూ ఎదురెదురుగా కదలాలి. రౌటర్ మోటారును టెయిల్‌స్టాక్ వైపు నుంచి చక్ లోపలికి చూపిస్తే, లేత్ మామూలు దిశలో తిరుగుతుండగానే ఈ ఎదురు కదలిక దొరుకుతుంది. దవడల పనికి ఇబ్బంది లేదు. అదే మోటారుతో షాఫ్టు పైభాగం తాకితే రెండూ ఒకే వైపు పోతాయి, లేత్‌ను రివర్స్‌లో తిప్పాల్సి వస్తుంది. మైఫోర్డ్ చక్ స్పిండిల్ ముక్కు మీద మరలతో ఎక్కుతుంది. రివర్స్‌లో ఒక్కసారిగా స్టార్ట్ చేస్తే అది మర విప్పుకుని ఊడి రావచ్చు. డ్రాబార్‌తో బిగించే కాలెట్‌లో జాబ్ పట్టుకుంటే ఆ బెడద లేదు. రాయి ఎక్కించే ముందు సన్నగా తట్టి ఖంగుమంటోందో లేదో వినాలి, గార్డు బిగించాలి, స్టార్ట్ చేశాక మొదటి నిమిషం పక్కకు తప్పుకుని నిలబడాలి. ఆ తర్వాత డ్రెస్సింగ్, అంటే రాయి ముఖాన్ని చెక్కి సరిచేయడం. ఇందులో ఒక సొగసు ఉంది. వజ్రపు మొనను సెంటర్ ఎత్తులో కదలకుండా నిలిపి, కోత కోయబోయే స్లైడ్‌తోనే రాయిని దాని ముందు నడిపించాలి. అప్పుడు స్పిండిల్‌ను ఎంత జాగ్రత్తగా సరిచూసి పెట్టామన్నదానితో పని లేకుండా రాయి ముఖం ఆ స్లైడ్ దారికి సమాంతరమైపోతుంది. ఆపైన 0.005 నుంచి 0.01 మి.మీ. వరకు కోతలు, చివర లోతు పెంచకుండా రవ్వలు ఆగేదాకా రెండు మూడు నడకలు.

ఇక పాత టర్నర్ల అభ్యంతరానికొద్దాం. రాయి పొడి వల్ల హాని నిజం. అయితే హాని వాళ్లు చూపించే చోటే ఎక్కువగా జరగదు. గట్టి రేణువు రెండు లోహాల మధ్య పడితే మెత్తటి దానిలో కూరుకుపోయి గట్టిదాన్ని అరగదీస్తుంది. కంచు నట్‌లో ఇరుక్కున్న పొడి ఉక్కు స్క్రూను తినేస్తుంది. శాడిల్ కింది వైపర్లలో చేరిన పొడి బెడ్‌ను తింటుంది. అందుకే బెడ్ మీద వట్టి గుడ్డ కప్పితే సరిపోదు. పొడిని పట్టి ఉంచే గుడ్డ, శాడిల్ కిందికి నలిగితే తానే సానకాగితమవుతుంది. చక్‌కు చుట్టుకుంటే ఇంకో ప్రమాదం. రాయి కింద నీళ్ల తట్ట, బెడ్‌కు అంటుకునేలా పరిచిన తడి కాగితం, పక్కన నడుస్తున్న వాక్యూమ్ గొట్టం నయం. అయస్కాంతాన్ని నమ్ముకోకూడదు. అది ఇనప రజనునే లాగుతుంది, అసలు హాని చేసే రాయి రేణువులు దానికి అంటవు. పని అయ్యాక వైపర్లు విప్పి కడిగి కొత్త నూనె పెట్టేవాళ్ల లేత్‌కు ఏడాదిలో రెండు మూడుసార్లు చేసే గ్రైండింగ్ వల్ల జరిగే నష్టం, రోజూ పోత ఇనుము పొడిగా తిప్పేవాళ్ల నష్టం కంటే ఎక్కువుండదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది. సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) ఇన్సర్టులు వచ్చాక గట్టి ఉక్కును నేరుగా టర్నింగ్ చేస్తున్నారు, ఇక గ్రైండర్ ఎందుకని. బరువైన లేత్‌కు ఆ మాట చెల్లుతుంది. ఎంఎల్7 లాంటి తేలికపాటి యంత్రం ఆ ఒత్తిడికి వంగుతుంది. పైగా మూడు దవడల మధ్య ఖాళీల్లో ఆ టూల్ ప్రతి చుట్టుకూ మూడు దెబ్బలు తింటుంది. ఇక బయట చేయించుకోవచ్చు కదా అనేవాళ్లతో షాఫ్టుల వరకు నేనూ ఏకీభవిస్తాను. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ బాలానగర్‌లోనో సిలిండ్రికల్ గ్రైండింగ్ షాపు అందుబాటులో ఉన్నవాళ్లు పది షాఫ్టుల కోసం ఈ సరంజామా అంతా కొనడం దండగ. దవడల పనికీ ఒక హద్దుంది. చక్ లోపలి స్క్రోల్ అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి, 25 మి.మీ. దగ్గర సాన పట్టిన దవడలు ఆ సైజు చుట్టుపక్కల బాగా పడతాయి, 60 మి.మీ. దగ్గర మళ్లీ కొంత తేడా చూపిస్తాయి. అందుకే ఎక్కువగా ఏ సైజు కడ్డీలు పడతారో చూసుకుని, రాయి ఆ సైజు దగ్గర తాకించాలి.