జాషువ గబ్బిలమును, మన ధ్రువపత్రమును

“గబ్బిలము హిందువుల గుడిప్రవేశమును గూర్చిన కావ్యము గదా, మనకేల?” అని మన సంఘములలో కొందరు దానిని ప్రక్కన పెట్టుచున్నారు. అది సగము చదువుటయే.

గుఱ్ఱము జాషువ 1895లో వినుకొండలో పుట్టెను. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇరువురును క్రైస్తవులు. 1941 నాటి ఈ కావ్యములో తంజావూరి అరుంధతీయుడొకడు తన ఆకలిని, అవమానమును కాశీ విశ్వనాథునికి విన్నవించుమని గబ్బిలమును వేడుకొనును. మనిషికి తెరవని గుడిలో అది తలక్రిందులుగా వ్రేలాడును. దాని కుల మెవరును అడుగరు. దారిపొడవునా పూర్వవైభవ వర్ణన మితిమీరినదని నా అభిప్రాయము. ఆకలిగొన్నవానికి అంత తీరిక యెక్కడిది? అయినను కవి క్రైస్తవుడు, నాయకుడు శివుని నమ్మినవాడు. బాధ చెప్పుటకు మతము అడ్డురాలేదు.

ప్రభుత్వమునకు మాత్రము అడ్డువచ్చెను. రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసి, 25వ దానిలో నచ్చిన మతమును అవలంబించు స్వేచ్ఛ నిచ్చెను. అయితే 1950లోనే వెలువడిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వు, మూడవ పేరాలో, మతమును చూచి చోటిచ్చెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులును ముస్లిములును వెలుపలనే యున్నారు.

ఆ కావ్యనాయకుడు నేడు నాదర్‌గుల్‌లో కాపురముండి బాప్తిస్మము పొందెననుకొనుడు. తహసీల్దారు కచేరీలో అతనికి దొరకునది బి.సి.–సి ధ్రువపత్రము, దాని వంతు ఒక శాతము. ఇల్లు మారలేదు, వాడ మారలేదు, వీధిలో తిట్టు మారలేదు. ఆ తిట్టుపై 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము క్రింద ఫిర్యాదు చేసిన, మతము మారిన వానికి అది వర్తింపదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరుగారి కేసులో తీర్పు చెప్పెను.

“క్రైస్తవ్యములో కులము లేదు గదా” అని అవతలివారి వాదము. దానికి మనము సిగ్గుపడక బదులు చెప్పగలమా? మాలల గుడి, మాదిగల గుడి అని వేరుగా పిలుచు ఊళ్లున్నవి. పెండ్లిమాటలలో కులము ముందు వచ్చును. బోధ వేరు, వాడ వేరు. రంగనాథ మిశ్రా కమిషను 2007లో ఆ మూడవ పేరాను తీసివేయుమనెను; అది ఇంకను అట్లే యున్నది.

కాగితములలో హిందువని వ్రాయించుకొని ఆదివారము ఆరాధనకు వచ్చువారిని అబద్ధికులని మనలో కొందరు నిందించుచున్నారు. వారు గబ్బిలమును మరల చదువవలెను. పిల్లవాని చదువొక ప్రక్క, సంఘపు రిజిస్టరులో పేరొక ప్రక్క పెట్టి ఒకటి కోరుకొమ్మన్నది వారు కాదు.